శబ్దం ఉన్న ముక్కలే మిగిలాయి

ఏ ఎడిటింగ్ యాప్ మంచిదండీ అని ఈ మధ్య మా అపార్ట్‌మెంటులో కుర్రకారు నన్ను ఆపి మరీ అడుగుతున్నారు. వంటల ఛానల్ పెట్టాలనుకునేవాళ్ళు కొందరు, ఇంట్లో ఫంక్షన్ వీడియో తామే చేసుకోవాలనుకునేవాళ్ళు కొందరు. రిటైరైన లెక్కల టీచరుకి ఈ విద్య ఎక్కడ అబ్బిందని మీకు అనుమానం రావచ్చు. సరదాకి నేర్చుకున్నది కాదు, భయంతో నేర్చుకున్నది. ఒక మనిషి ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నది అలాంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక్క బటన్ దగ్గరికొచ్చి ఆగిన రోజు ఒకటి చూశాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. నేను స్వతహాగా కంగారు మనిషిని. ఆ కంగారు కొంత ఇందులోనూ కనబడుతుంది, సర్దుకుపోండి.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒకే బడిలో చేశాను. విజయవాడ నుంచి బందరు వెళ్ళే దారిలో, చెవులు వినపడని పిల్లలు ఉండి చదువుకునే హాస్టల్ స్కూలు. పాఠాలన్నీ సైగల భాషలో. చేరిన కొత్తలో నా చేతులు నా మాట వినేవి కావు. పిల్లలే నవ్వుతూ దిద్దారు. పోనుపోను అది ఎంత అలవాటైందంటే, ఇంట్లో కూడా కూర ఎలా ఉందని చేత్తోనే అడిగేదాన్ని. మా వారు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవారు. అది కూర గురించో నా గురించో ఇప్పటికీ చెప్పలేదు.

మా స్టాఫులో అందరికంటే చిన్నది మా బడిలోనే చదువుకున్న అమ్మాయి. ఆమెకూ వినపడదు. పామర్రు అవతల వ్యవసాయ కుటుంబం. పసితనంలో మా హాస్టల్లో చేరి, చదువూ ట్రైనింగూ పూర్తిచేసుకుని, చిన్న తరగతులకి కాంట్రాక్టు టీచరుగా మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. మేమంతా చిన్న టీచరు అని పిలిచేవాళ్ళం. సెలవులకి ఇంటికి వెళ్ళినా నాలుగు రోజులు తిరక్కుండానే వచ్చేసేది. ఎందుకమ్మా అని అడిగితే, "అక్కడ అందరూ మంచివాళ్ళే. భోజనాల దగ్గర అందరూ మాట్లాడుకుంటారు. నేను కంచం చూసుకుంటా" అని చేతులతో చెప్పింది. వాళ్ళింట్లో ఎవరికీ సైగల భాష రాదు. వేడిగా అన్నం పెడతారు, ప్రేమగా చూస్తారు, మాట్లాడరు. ఆమె మాట్లాడేదంతా మా బడి గేటు లోపలే.

మా అలవాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. వినపడే స్టాఫు నలుగురైదుగురం ఉండేవాళ్ళం. మామూలు ఆఫీసుల్లో రహస్యం చెప్పాలంటే గొంతు తగ్గిస్తారు, లేదా పక్కకి పిలుస్తారు. మా బడిలో అదేమీ అక్కర్లేదు. చేతులు కట్టుకుని మాట్లాడితే చాలు, అది రహస్యమే. ఇంటి గొడవలూ, పైవాళ్ళ మీద విసుర్లూ, ఎదురుగా ఉన్న పిల్లవాడి గురించి వాళ్ళ నాన్న ఏమన్నాడో అదీ, అన్నీ వాళ్ళ ముందే, మామూలు గొంతుతో. బడి పెట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటది. అందులో తప్పుందని మాలో ఎవరికీ తోచలేదు.

కరోనా తర్వాత పైఆఫీసులకి వీడియో పాఠాల మీద మోజు పెరిగింది. ఒక ఏడాది వేసవి ముందు మాకు కబురొచ్చింది. మా బడి లాంటి ప్రతి బడి నుంచీ కాంట్రాక్టు టీచరు చేసిన వీడియో పాఠం ఒకటి తెచ్చి కమిటీకి చూపించాలి. పది నిమిషాలు మించకూడదు. అది చూసి ఆ టీచరుని ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తారు. మా బడిలో కాంట్రాక్టు టీచరు ఒక్కతే. ఉద్యోగం పోతే చిన్న టీచరు ఊరికి వెళ్ళిపోవాలి. వాళ్ళన్నయ్య తన ఎరువుల కొట్లో కూర్చోమని అప్పటికే అంటున్నాడట.

ఆ కబురు విన్న రోజు నుంచీ నాకు తిండి సయించలేదు. చిన్న టీచరు మాత్రం భుజాలు ఎగరేసి, "పాఠమేగా, చెప్తా" అంది.

కంప్యూటర్ల గది తాళం నా దగ్గర ఉండేది. మౌస్ పట్టుకోవడానికి భయపడనిదాన్ని మొదట్లో నేనొక్కదాన్నే కాబట్టి అది నాకు అంటగట్టారు. ఏ సాఫ్ట్‌వేర్‌లో చెయ్యాలన్నది మొదటి తంటా. మాకు మూడు దొరికాయి. కంప్యూటర్‌తో పాటు ఉచితంగా వచ్చింది ఒకటి, అందరి ఫోన్లలో ఉండే యాప్ ఒకటి, మా డ్రాయింగు మాస్టారు వాడేది ఒకటి. ఆయనది మంగళగిరి. సెలవుల్లో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాడు. తన సాఫ్ట్‌వేర్ నెలనెలా చందా కట్టి వాడేదని, దాని ముందు మిగతావి ఆటబొమ్మలని ఆయన గట్టి నమ్మకం.

నా తీరు మీకు తెలిసిపోయే ఉంటుంది. ఏది మేలో చెప్పే పోలికలు ఇంటర్నెట్‌లో ఎన్ని ఉంటే అన్నీ కూర్చుని చదివాను. పాటలు ఎన్ని ఇస్తుంది, గొంతుని ఎంత శుభ్రం చేస్తుంది, మనం మాట్లాడింది దానంతటదే అక్షరాల్లో రాస్తుందా, మొహానికి మెరుపు తెస్తుందా. ప్రతిదానికీ టిక్కులూ, చుక్కలూ. సగానికి సగం శబ్దం గురించే. చేతుల గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. చేతులతో మాట్లాడేవాళ్ళు కూడా వీడియోలు చేసుకుంటారని ఆ రాసినవాళ్ళకి తట్టినట్టు లేదు.

అంచేత మా పరీక్షలేవో మేమే పెట్టుకున్నాం. చిన్న టీచరు కెమెరా ముందు నిలబడి ఒకే సంగతి చెప్పేది. దాన్ని మూడింట్లోనూ వేసి చూసేవాళ్ళం. ఫోన్ యాప్‌లో ఆమె వెనకున్న గోడ తీసేసి పచ్చటి పొలం పెట్టవచ్చు. పెట్టాం. గోడతో పాటు ఆమె చూపుడు వేలూ పోయింది. మా భాషలో ఒక వేలు పోతే మాటే మారిపోతుంది. డ్రాయింగు మాస్టారి సాఫ్ట్‌వేర్ మనిషి మొహాన్ని వెతికి పట్టుకుని దాన్నే మధ్యలో ఉంచుతుంది. "చూశారా మేడం, ఎంత తెలివైందో" అన్నాడాయన. తెలివైందే. మొహం చక్కగా మధ్యలో ఉంది, చేతులే ఫ్రేములో లేవు. తర్వాత ఆయన పెళ్ళికూతుళ్ళకి పెట్టే నునుపు పెట్టాడు. నుదుటి మీద గీతలు మాయమయ్యాయి. సైగల్లో అడగడానికీ చెప్పడానికీ తేడా కనుబొమల్లో, నుదుట్లో ఉంటుంది. అది చెరిగిపోయాక ఆమె పిల్లల్ని ప్రశ్న అడుగుతోందో, జవాబు చెబుతోందో నాకే తెలియలేదు. ఉచితంగా వచ్చింది ఏ తెలివీ చూపించలేదు గానీ చేతుల్ని చేతుల్లాగే ఉంచింది. కాకపోతే అది చిరాకు మనిషి లాంటిది, ఉన్నట్టుండి మూసుకుపోయేది.

డ్రాయింగు మాస్టారూ చిన్న టీచరూ రోజూ పోట్లాడుకునేవాళ్ళు. పాఠంలో ఒక భాగం అయి ఇంకోటి మొదలయ్యే చోట ఆయన తెర నిండా గులాబీ రేకులు రాల్చాడు. చిన్న టీచరు తెర మీద వేలు పెట్టి, "ఎవరి పెళ్ళి?" అని అడిగింది. అందంగా ఉంటుంది కదా అని ఆయన. "పిల్లలు రేకులు చూస్తారు, నన్ను చూడరు" అని ఆమె. ఆయన అలిగి ఒక పూటంతా ఆ గదిలోకి రాలేదు. ఆమె అన్నదే ప్రతిసారీ సరైందని కూడా కాదు. ఆమె తీసుకున్న మొదటి వీడియోల్లో మొహం నల్లగా నీడలా పడింది. వెలుతురు ఎదురుగా పడేలా కిటికీ వైపు తిప్పి నిలబెట్టింది ఆయనే.

పాఠం కాలువ గురించి. బ్యారేజీ దగ్గర ఆగిన కృష్ణ నీళ్ళు పెద్ద కాలువలోకి, అక్కణ్ణుంచి పిల్ల కాలువలోకి, బోదెలోకి, చివరికి వరి మడిలోకి ఎలా వస్తాయో చెప్పడం. ఆమె చేతుల్లో నీళ్ళు నిజంగా పారుతున్నట్టే ఉండేవి. పాఠం తీసిన రోజు డ్రాయింగు మాస్టారు సెలవు, నేను పెద్ద తరగతిలో ఉన్నాను. ఆమె ఫోన్‌ని స్టాండుకి బిగించి కంప్యూటర్ల గదిలో ఒక్కతే నిలబడి తీసుకుంది.

కమిటీకి ముందురోజు సాయంత్రం ముక్కలన్నీ అతికించి చూస్తే పది నిమిషాలు దాటిపోయింది. ఎక్కడ తగ్గించాలో తెలియక నేను గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. "దీనికింత ఆలోచనెందుకు మేడం? మన దాంట్లో బటన్ ఉంది. ఖాళీగా ఉన్న చోట్లన్నీ అదే పీకేస్తది" అన్నాడు డ్రాయింగు మాస్టారు. చేత్తోనే తగ్గిద్దామని చిన్న టీచరు ఉచితమైనదాన్ని తెరిచింది. అది అలవాటు ప్రకారం మూసుకుపోయింది. ఇక సరేనంది. ఆయన బటన్ నొక్కాడు. పది నిమిషాల లోపు వచ్చింది. మొదట్లో కాస్త వేసి చూశాం, బాగానే ఉంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆమె ఫోన్‌కి కూడా పంపాడు. మొత్తం చూద్దామనేసరికి కరెంటు పోయింది. ఆయనకి మంగళగిరి వెళ్ళే బస్సు టైమూ అయింది.

ఖాళీ అంటే నీ ఉద్దేశం ఏమిటని ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎవరమూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే నేనూ చిన్న టీచరూ విజయవాడ బస్సెక్కాం. కంకిపాడు దాటాక ఆమె ఫోన్ తీసి వీడియో వేసింది. పక్కనుంచి నేనూ చూస్తున్నాను. నీళ్ళు బ్యారేజీ దగ్గర బయల్దేరాయి. బయల్దేరి ఎక్కడికీ వెళ్ళలేదు. ఆమె చెయ్యి పైకి లేచింది, కిందికి రాకుండానే ఇంకో చోట ఉంది. పెద్ద కాలువ లేదు, పిల్ల కాలువ లేదు. బోదె దగ్గర సగం సైగ, మడి దగ్గర పావు సైగ. ఏ భాషలోనూ అర్థం లేని చేతులు.

ఆమెకి కనబడుతున్నది అది. నాకు వినబడుతున్నది వేరే. ముందు పక్కింటి మిక్సీ గరగర. ఆ గరగర ఉన్నంతసేపూ పాఠం తెగలేదు, మేము చూసి బాగుందనుకున్న మొదటి భాగం అదే. ఆ తర్వాత గొంతులు. మా హెడ్మాస్టరుగారిదీ, క్లర్కుదీ. ఆమె పాఠం తీసుకుంటుంటే కిటికీ అవతల వరండాలో నిలబడి మాట్లాడుకున్నారన్నమాట.

"మనం పంపినా పంపకపోయినా ఒకటేనండీ. మాట వచ్చిన మనిషినే వేస్తారంట. పైనుంచి మనకి తెలిసినాయన చెప్పాడు."

"మరి ఈ పిల్లకి చెప్పలేదేంటండీ?" అని క్లర్కు.

"ఎట్లా చెప్పమంటారు? నా వల్ల కాదండీ బాబూ. చూడండి, ఎంత ముచ్చటగా చెప్పుకుంటందో. ఆర్డరొస్తే దానంతటదే తెలుస్తదిలెండి."

సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది. శబ్దం లేని చోటల్లా ఖాళీ అనుకుని పాఠాన్ని పీకేసింది. మాటలు వినిపించిన చోట్లు భద్రంగా ఉంచింది. చిన్న టీచరు చేతులు అడ్డదిడ్డంగా ఊగుతుంటే, ఆ ఊపుల మీద వాళ్ళిద్దరి సంభాషణ మాత్రం ఎక్కడా తెగకుండా సాగింది. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నేను గబుక్కున చెయ్యి చాపి సౌండు తగ్గించబోయాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "ఎందుకు తగ్గిస్తున్నావు? ఏం శబ్దం ఉంది?"

నా చేతులు లేవలేదు. చెబితే ఇంకో గంటలో కమిటీ ముందు ఏ మొహంతో నిలబడుతుంది? చెప్పకపోతే నేను కూడా ఆమె పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నట్టే. నేను అటా ఇటా అని నలుగుతుంటే ఆమె ఆగలేదు. అదే వీడియోని తన ఫోన్ యాప్‌లో తెరిచింది. అందులో శబ్దం ఉన్న చోట గట్లు గట్లుగా గీతలు కనబడతాయి. మిగిలిన ప్రతి ముక్క కిందా గట్లున్నాయి. ఆమెకి విషయం అర్థమైపోయింది. మాటల్ని అక్షరాలుగా రాసే బటన్ నొక్కింది. మాకు దానితో ఏం పనిలే అని ఎప్పుడూ ముట్టుకోనిది అది. అక్షరాలు ఒక్కొక్కటే తెర మీదకి వచ్చాయి. సగం తప్పులే. మిగతా సగం చాలు.

రెండుసార్లు చదువుకుంది. కిటికీలోంచి బయటికి చూసింది. బస్సు పెనమలూరు దాటిపోయింది. అప్పుడు నా వైపు తిరిగి, "నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

తెలియదని, ఇప్పుడే విన్నానని, ఆ గొంతులు ఎవరివో కూడా చెప్పాను. ఆమె నా చేతులకేసి చూడలేదు, మొహంలోకి చూసింది. నేను చెప్పింది నిజమే, నాకు తెలియదు. కానీ నా మొహం ఎలాంటిదంటే, నిజం చెప్పినా దొంగలాగే కనబడుతుంది. ఆ చూపు ఎంతసేపు సాగిందో చెప్పలేను. చివరికి ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, "సరే. ముందు పాఠం చేస్తా. తర్వాత ఏడుస్తా" అంది.

అసలు తీసిన ముక్కలన్నీ ఆమె ఫోన్‌లోనే ఉన్నాయి. ఆఫీసు మెట్లెక్కి వరండాలో కూర్చున్నాం. మా ముందు ఇంకో బడివాళ్ళు లోపల ఉన్నారు. ఫోన్‌లో ఛార్జింగు అడుగంటింది. అక్కడి అటెండరు మంచినీళ్ళ ఫిల్టరు ప్లగ్గు తీసి, "ఇక్కడ పెట్టుకోండమ్మా" అన్నాడు. ఆమె గోడకి ఆనుకుని కింద కూర్చుని వేళ్ళతో ముక్కలు చేరుస్తోంది. మెరుపులు లేవు, పొలాలు లేవు, రేకులు లేవు. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ కత్తిరిస్తోంది. నేను తలుపు వైపు ఒకసారి, ఫోన్ వైపు ఒకసారి చూస్తూ నిలబడ్డాను. నీళ్ళు మడిలోకి చేరాయి గానీ మళ్ళీ పది నిమిషాలు దాటింది. ఆమె మొదట్లో ఉన్న నమస్కారం, బడి పేరు, తన పేరు, అన్నీ తీసేసింది.

"కమిటీ పెద్దవాళ్ళే, నమస్కారం కూడా లేకపోతే ఎలా?" అన్నాను.

"నీళ్ళు మడికి రావాలి. నమస్కారం లోపలికెళ్ళి పెడతా" అంది.

ఆఖరికి సౌండు తీసేసే బటన్ మీద వేలు ఉంచి ఒక్క క్షణం ఆగింది. ఆ గొంతుల్ని లోపల అందరికీ వినిపిస్తుందేమో అనుకున్నాను. "ఇది నా పాఠం. ఇందులో ఆయన మాటలు ఉండవు" అని నొక్కేసింది. వీడియో తయారవుతున్నట్టు ఫోన్‌లో గీత నెమ్మదిగా కదలడం మొదలైంది. సరిగ్గా అప్పుడే మా బడి పేరు పిలిచారు. ఆ గీత చివరికి చేరేదాకా నేను లోపలికెళ్ళి బస్సుల గురించీ ఎండల గురించీ ఏదేదో మాట్లాడాను. అంత వాగుడు నా జీవితంలో ఎప్పుడూ వాగలేదు.

లోపల బల్ల వెనక ఆఫీసరు మేడం, పక్కన కమిటీ సభ్యుడు ఒక పెద్దాయన. చిన్న టీచరు వచ్చి నమస్కారం పెట్టి, ఫోన్ని అక్కడి టీవీకి తగిలించింది. పాఠం మొదలవగానే పెద్దాయన లేచి స్పీకరు వైర్లు కదిపి చూశారు. "సౌండ్ రావట్లేదేంటండీ?"

"సౌండుండదండీ. సైగల పాఠమండీ" అన్నాను.

ఆయన కూర్చుని కాసేపటికి తన ఫోన్ చూసుకోసాగారు. మేడం మాత్రం కళ్ళు తిప్పకుండా చూశారు. నీళ్ళు మడిలో నిండాయి. వీడియో ఆగింది. మేడం కుర్చీలో వెనక్కి వాలి నాతో అన్నారు:

"బాగా చేసిందండీ, కాదనను. కానీ ఇంటి దగ్గర తల్లులు కూడా చూడాలి కదా. మాట వచ్చిన టీచరైతే ఇటు పిల్లకీ అటు తల్లికీ పనికొస్తుంది. మీరేమంటారు?"

పక్కనే నిలబడ్డ మనిషి గురించి నన్ను అడుగుతున్నారు. ఆవిడ చెడ్డగా అడగలేదు. మేమంతా ఇన్నేళ్ళూ ఎలా మాట్లాడామో అలాగే అడిగారు. నేను చేతులెత్తి, చిన్న టీచరు వైపు తిరిగి, మేడం అన్న మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పడం మొదలుపెట్టాను.

"అయ్యయ్యో, ఆ అమ్మాయికి చెప్పకండి, బాధపడుతుంది. మనలో మన మాటగా అడిగాను" అన్నారు మేడం గాభరాగా.

అది కూడా చెప్పాను. చెప్పకండి అన్న మాటతో సహా. ఉద్యోగంలో పైఅధికారి వద్దన్న పని వాళ్ళ కళ్ళెదుటే చేసింది అదొక్కసారే.

చిన్న టీచరు జవాబు చెప్పింది. నేను గొంతుతో వినిపించాను. "నా గురించి కాని మాటైతే నేను బయటికెళ్ళి నిలబడతానండీ. నా గురించే అయితే ఇక్కడే ఉంటానండీ." అండీలు నేను చేర్చినవి. సైగల్లో మర్యాదంతా మొహంలో ఉంటుంది. ఆ క్షణాన ఆమె మొహంలో అంత మర్యాద లేదు.

పెద్దాయన ఫోన్ బల్ల మీద పెట్టేశారు. ఆమె ఆపలేదు. "తల్లుల కోసం తెలుగులో రాసి పెడతా. కింద కాదు, పైన. కింద రాస్తే నా చేతులు కనపడవు. మా అమ్మకి మాట వచ్చు. నాతో మాట్లాడటమే రాదు. తల్లులు ఇది చూసి రెండు సైగలు నేర్చుకుంటే తప్పేముంది?" ఇది చెబుతూ తడబడి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

మేడం మొదటిసారి నన్ను వదిలి ఆమె వైపు చూశారు. "మడిలోకి నీళ్ళు అని ఎట్లా చెప్పావమ్మా, ఇంకోసారి చూపిస్తావా?" అన్నారు. ఆమె చూపించింది. మేడం కుడి చెయ్యి బల్ల మీద కొంచెం కదిలింది. అంతే. "చూస్తామండీ. ఆర్డరొస్తుంది" అని మమ్మల్ని పంపేశారు. ఆ మాటకి అర్థం ఏమిటో ఎంత ఆలోచించినా తేలలేదు.

తిరుగు బస్సులో బెంజి సర్కిల్ దాటాక ఆమె ఏడ్చింది. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో ఆమెకి తెలియదు. బస్సంతా మా వైపే చూసింది. ఏమైందమ్మా అని కండక్టరు అడిగాడు. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

బడికి చేరగానే హెడ్మాస్టరుగారు ఎదురొచ్చి, "ఏమైందండీ?" అని నన్ను అడిగారు. ఆమె ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది. తెర మీద ఆయన మాటలే, అక్షరాల్లో. చదువుతుంటే ఆయన కళ్ళజోడు ముక్కు మీదకి జారింది. క్లర్కు ఫైలు ఏదో వెతుక్కుంటూ మాయమయ్యాడు.

"ఇది ఈ పిల్లకెట్లా తెలిసిందండీ?" అని ఆయన మళ్ళీ నన్నే అడిగారు. అది ఆమెకి చెప్పాను. "నన్నే అడగమను" అంది. ఆయన అడగలేకపోయారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. కరోనా రోజుల్లో హాస్టల్ పిల్లల కోసం రైస్ మిల్లుల చుట్టూ తిరిగి బియ్యం తెచ్చిన మనిషి. కానీ ఎదుటివాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటే చూడలేరు, అందుకని చెడు కబురు ఎవరికీ చెప్పరు. పైగా ఇన్నేళ్ళున్నా ఆయనకి వచ్చిన సైగలు రా, పో, అల్లరి చెయ్యకు, అన్నం తిన్నావా, అంతవరకే. డ్రాయింగు మాస్టారు సంగతి విని కణతలు పట్టుకుని కూర్చున్నాడు. "దానికి చెవులే ఉన్నాయి మేడం, కళ్ళు లేవు" అన్నాడు.

వేసవి అంతా కబురు లేదు. చిన్న టీచరు ఊరికి వెళ్ళలేదు. ఖాళీ హాస్టల్లో ఉండి, పాఠం పైన తెలుగు వాక్యాలు రాసుకుంటూ కూర్చుంది. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియకుండా ఎందుకమ్మా ఈ కష్టం అంటే, ఉన్నంతవరకూ ఉందిగా అంది. నేను ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. బడి తెరిచారు, పిల్లలు పెట్టెలతో వచ్చారు, ఆమె ఎప్పట్లాగే క్లాసు మొదలుపెట్టింది. ఆర్డరు రాలేదు. ఆమె మానేసిందేమో అనుకుని వాళ్ళన్నయ్య ఒకసారి తీసుకెళ్ళడానికి కూడా వచ్చాడు. ఆమె గేటు దగ్గరే మాట్లాడి పంపేసింది. మాట్లాడి అంటే, కాగితం మీద రాసి.

ఒక మధ్యాహ్నం క్లర్కు కవరు తెచ్చి హెడ్మాస్టరుగారి బల్ల మీద పెట్టాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన విప్పి చదివారు. మొహంలో ఏమీ తెలియలేదు. నాకేసి చూసి, "మేడం, మీరు కాస్త ఆ పిల్లకి ఈ సంగతి…" అని, అక్కడ ఆగిపోయారు. ఆయనే కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచారు.

నేను వెనకాలే వెళ్ళి క్లాసు గుమ్మం దగ్గర నిలబడ్డాను. పిల్లలు చూసి లేచారు. చిన్న టీచరు బోర్డు దగ్గర నుంచి తిరిగి ఆయన్ని చూసింది, ఆయన జేబులోంచి కనబడుతున్న కాగితాన్ని చూసింది. ఆయన చేతులెత్తారు. మొదటి సైగే తప్పు. ఏదో కూరగాయ పేరు వచ్చింది. పిల్లలు పకపకా నవ్వారు. ఆయన చెమట తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ తప్పింది. ముందు బెంచీలో పాప లేచి వచ్చి ఆయన వేళ్ళు పట్టుకుని సరిచేసింది. ఆయన మొహం ఎంత బిగుసుకుపోయి ఉందంటే, అది మంచి కబురో చెడ్డ కబురో చిన్న టీచరుకి తెలిసే దారి లేదు. ఆమె చెయ్యి సుద్దముక్కని గట్టిగా పట్టుకుంది. నా చేతులు వాటంతటవే లేవబోయాయి. వెనక్కి పెట్టుకున్నాను.

"నువ్వు" అన్నాయి ఆయన చేతులు. ఆగాయి. "ఇక్కడే. ఉంటావు."

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. "ఎన్నాళ్ళు?"

"ఒక సంవత్సరం."

ఆమె తలాడించి, ఆయనకి అర్థమయ్యేలా ఒక్కొక్క సైగా విడివిడిగా చెప్పింది. "వచ్చే ఏడు మళ్ళీ కాగితం వస్తుంది. ఉండమన్నా, పొమ్మన్నా, మీరే వచ్చి చెప్పాలి. అందరికంటే ముందు నాకు."

ఆయనకి అందలేదు. ఇంకోసారి చెప్పమన్నట్టు చూశారు. ఆమె విసుక్కోకుండా ఇంకోసారి చెప్పింది. ఈసారి అందింది. ఆయన అలాగేనని తల ఊపారు. తల ఊపితే కుదరదంది ఆమె, చేతులతో చెప్పమంది. ఆయన రెండు చేతులూ ఎత్తి, చెప్తానని చెప్పారు. పిల్లల్లో ఎవరూ లేచి దిద్దలేదు.